నాలుగో నంబరు నేరేడు

ఢిల్లీ,
2024 సెప్టెంబర్ 2

అత్తా,

నీ ఫోను కొండ మీదికి ఎక్కితేనే పలుకుతుంది, ఎక్కితే నీకు ఆయాసం. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పైగా ఈ అట్టపెట్టెని ఒంటరిగా పంపించాలని అనిపించలేదు. బిందుమాధవి తెచ్చి ఇస్తుంది. ఆశ్రమ పాఠశాలలో నా పక్క మంచం మీద పడుకునేదే, ఆ బిందు ఇప్పుడు మీ సబ్‌సెంటర్‌లో నర్సు. టీకాల రోజున ఊటపుట్టు వస్తుంది కదా.

నా ఉద్యోగం గురించి నువ్వు ఎప్పుడూ అడుగుతావు, నేను ఎప్పుడూ దాటేస్తాను. ఇప్పుడు చెబుతాను. మా ల్యాబ్‌లో చెట్ల తొర్రల్లో బతికే ఒక రకం బూజుని వెతుకుతాం. అది కళ్ళకి కనిపించదు. ముసలి చెట్ల కడుపులో, చివికిన చెక్కలో ఉంటుంది. నీలగిరి చెట్లలో ఉందని తెలుసు. నేరేడులో, చింతలో కూడా దొరికింది. మన తూర్పు కనుమల్లో మాత్రం ఎవరూ సరిగా చూడలేదు. "నేను చూస్తాను, అక్కడ మా అత్త ఉంది" అని మా సార్‌తో గొప్పగా చెప్పేశాను.

పెట్టెలో పది సీసాలు ఉన్నాయి. ఒక్కోదానిలో దూది చుట్టిన పుల్ల ఉంది. తొర్ర లోపలి గోడని ఆ పుల్లతో రుద్ది, సీసాలో పెట్టి, మూత బిగించి, నంబరు వేసి, అది ఏ చెట్టో రాయి. మాస్కు, గ్లవ్స్ తప్పకుండా వేసుకో. దుమ్ము మంచిది కాదు కదా.

మావని అడిగానని చెప్పు. నాన్న చనిపోయిన ఏడాది మావే నన్ను భుజాల మీద ఎక్కించుకుని హాస్టల్‌కి తీసుకెళ్ళాడు. ఆ దారంతా నాకు ఆయన జుట్టే కనిపించేది. నిన్న కలలో మళ్ళీ కనిపించింది.

నీ మేనకోడలు,
స్వర్ణ


ఊటపుట్టు,
సెప్టెంబర్ 25

ఢిల్లీ కోడలికి,

పెట్టె అందింది. ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీలో పిల్లల బరువులు రాసిన చేతికి మళ్ళీ నంబర్లు వేసే పని దొరికింది, నాకు అంతకంటే ఏం కావాలి? ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. ఇంట్లో గోడలతో మాట్లాడుతున్నాను. మీ మావ ఎంతసేపని వింటాడు?

నేనూ మీ మావ ఫల్గుణా నాలుగు రోజులు కొండంతా తిరిగాం. ఒకటో నంబరు చావిడి దగ్గర చింత. దానిలో పగలంతా గుడ్లగూబ కునుకు తీస్తుంది. పుల్ల పెడితే ఒక కన్ను తెరిచి, నేనేనని తెలిసి మూసేసింది. రెండు, మూడు ఫారెస్టు వాళ్ళు వేసిన నీలగిరులు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్‌లకి తొర్రలు పడే వయసు ఇంకా రాలేదు, వాటిని వదిలేశాం. ఏడో నంబరు పనస. మీ నాయన బడి ఎగ్గొట్టి అందులోనే దాక్కునేవాడు. నేను మాస్టారికి చూపించేశానని చచ్చేదాకా తిట్టాడు.

నాలుగో నంబరు సంగతి చెప్పాలి. అది ఊట మీద ఉన్న పెద్ద నేరేడు. నీకు గుర్తుండదు, నిన్ను అటు వెళ్ళనిచ్చేదాన్ని కాదు. దాని తొర్రలో మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు. వాన వెలిసిన పొద్దున మంచు నేల మీద పాకుతూ వచ్చి ఆ తొర్రలోకి దూరి, మళ్ళీ మెల్లగా బయటికి వస్తుంది. చెట్టు ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. లోపల తడి ఆకు వాసన, దానికింద ఎక్కడో తేనె వాసన. చెవి పెడితే వేళ్ళలోంచి నీరు ఎక్కే చప్పుడు వినిపిస్తుందంటాడు మీ మావ. నాకైతే నా గుండె చప్పుడే వినిపించింది.

అక్కడ నాకు చెయ్యి అందక ఆయనే లోపలికి దూరి పైదాకా రుద్దాడు. మూతి గుడ్డ ఆయనకి నచ్చలేదు. "సెట్టు దగ్గరికి మొగం కప్పుకొని ఎల్తారేటి, దొంగల్లాగ" అన్నాడు. నేను మాత్రం కట్టుకున్నాను.

మావకి ఈ మధ్య తల బరువుగా ఉంటోంది. సంతలో కళ్ళజోడు మార్పించాలి. మిగతా అంతా బాగుంది. రాగులు కోతకొచ్చాయి.

అత్త సోములమ్మ


ఢిల్లీ,
అక్టోబర్ 22

అత్తా, అత్తా,

నాలుగో నంబరు పాజిటివ్ వచ్చింది! పది సీసాల్లో అదొక్కటే. మా సార్ కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు. ల్యాబ్‌లో అందరికీ మిఠాయి పంచాను. నా ప్రాజెక్టు ఇంకో రెండేళ్ళు నడుస్తుంది.

దాన్ని ఎలా కనిపెడతామో చెబితే నువ్వు నవ్వుతావు. మన వలిసెలే, అత్తా. ఇక్కడ పక్షుల మేతగా అమ్ముతారు. ఆ గింజలు నూరి, మరిగించి, వడగట్టి, చిన్న గాజు పళ్ళేల్లో పోసి గట్టిపడనిస్తాం. మీ పుల్లల్ని దాని మీద రాస్తాం. వేరే బూజులు తెల్లగానే ఉండిపోతాయి. మేం వెతికేది మాత్రం వలిసెల్ని తిని కాఫీ రంగుకి తిరుగుతుంది. ఆరో రోజు పొద్దున పళ్ళెం తీస్తే నాలుగో నంబరు మీద గోధుమ రంగు చుక్కలు. ఇంత దూరంలో, ఈ ఏసీ గదిలో, మన కొండ వాసన వచ్చినట్టు అనిపించింది. బయట పొగమంచులో ఢిల్లీ కనిపించడం లేదు. కాసేపు నేను అరకులోనే ఉన్నాననుకున్నాను.

నాలుగో చెట్టు నుంచి ఇంకో మూడు సీసాలు కావాలి. బిందుతో పంపిస్తాను. మావ కళ్ళజోడు మార్చారా?

స్వర్ణ


ఊటపుట్టు,
నవంబర్ 12

బంగారు కోడలికి,

నీ ఉత్తరం బిందుమాధవి చావిట్లోనే చదివి వినిపించింది. మన నేరేడు ఢిల్లీలో పాసైందని ఊరంతా సంబరపడింది. పదింటిలో ఒక్కటే పాసవడమంటే మాటలా? ఊరికి మంచిరోజులు చూసి చెప్పే దిసారి సుక్రు తాత చెట్టు మొదట్లో పసుపు బియ్యం చల్లి, "నాను ముందే సెప్పాను గదేటి, ఆ సెట్టుకి బలమున్నాదని" అని మీసం దువ్వుకున్నాడు. అందరూ ఒకసారి లోపల తల పెట్టి చూసి వచ్చారు.

మీ మావకి ఇంకా సంతోషం. ఆ చెట్టు ఆయనదే అన్నట్టు నడుస్తున్నాడు. నిజానికి రోజూ అక్కడికే వెళ్ళి కూర్చుంటాడు. తలనొప్పి ఎక్కువైనప్పుడు ఆ తొర్రలో చల్లగా ఉంటుందట. సంతలో మందులాయన పార్శ్వపు నొప్పి అని మాత్రలిచ్చాడు. వేసుకుంటే వాంతి అవుతోంది. కళ్ళజోడు మార్చినా గుణం లేదు.

ఇప్పుడు మన లోయ చూడాలి నువ్వు. వలిసెలు పూశాయి. గాలి వీస్తే పసుపంతా ఒక వైపుకి ఒరిగి మళ్ళీ లేస్తుంది, ఎవరో నిద్రలో పక్కకి తిరిగినట్టు. నిన్న గట్టు మీద కూర్చుని ఉంటే మీ మావ అన్నాడు, "ఒలే, మన సేను రెండైపోనాది. ఒకదాని మీద ఇంకోటి ఏలాడతన్నాది" అని. ఒక చేను రెండుగా కనిపిస్తోందట! "అదృష్టవంతుడివి, రెండోది నాకు రాసివ్వు" అన్నాను. నవ్వాడు.

మీ పళ్ళేలకి కిలో వలిసెలు పంపుతున్నాను. పక్షుల మేత తిని మన బూజు ఏం బాగుపడుతుంది?

మూడు సీసాలూ మావే నింపాడు.

అత్త


ఢిల్లీ,
నవంబర్ 21

అత్తా,

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. చదివిన వెంటనే బిందుకి ఫోన్ చేశాను. ఇది నీకు చేరేలోపే మీరు విశాఖపట్నంలో ఉండాలి. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది నేను సెప్టెంబర్‌లోనే రాయాల్సింది.

పాజిటివ్ అంటే పాసవడం కాదు. ఆ బూజు ఆ చెట్టులో ఉందని అర్థం. అది రోగం తెచ్చే బూజు. దుమ్ముతో పాటు లేచి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. చాలామందికి ఏమీ కాదు, జన్మంతా తెలియను కూడా తెలియదు. కొందరికి మాత్రం నెలల తరువాత మెదడు పొరల్లోకి చేరుతుంది. తలనొప్పి. వాంతులు. ఒకటి రెండుగా కనిపించడం.

నువ్వు అన్నీ రాశావు. సెప్టెంబర్ ఉత్తరంలోనే తల బరువుగా ఉంటోందని రాశావు. నేను కళ్ళజోడు దగ్గర ఆగిపోయాను.

రోగం అని రాస్తే మీరు భయపడతారని, ఊళ్ళో ఒప్పుకోరని, దుమ్ము మంచిది కాదు అని మాత్రం రాశాను. ఒక్క మాట మింగేశాను, అత్తా.

డాక్టరుతో ఇలా చెప్పు: "చెట్టు తొర్రలో బూజు, క్రిప్టోకాకస్, వెన్నులోంచి నీరు తీసి చూడండి." బిందు కాగితం మీద రాసిస్తుంది. ఆ చెట్టు దగ్గరికి ఎవరూ వెళ్ళొద్దు.

స్వర్ణ


విశాఖపట్నం,
డిసెంబర్ 8

స్వర్ణకి,

నీ ఉత్తరం ఇంటికి వెళ్ళి, అక్కడి నుంచి బిందుమాధవి చేతిలో ఇక్కడికి వచ్చింది.

నువ్వు ఫోన్ చేసిన రోజు మధ్యాహ్నం బిందు బండి వేసుకుని వచ్చేసరికి ఆయన చెట్టులోనే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. బయటికి లాగితే నన్ను చూసి "ఎవులు మీరు?" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళ కాపురం. డోలీ కట్టి రోడ్డు దాకా నలుగురు మోశారు. సుక్రు తాత వద్దన్నా వినకుండా ఆ వయసులో ఒక కొస పట్టాడు. దారంతా వలిసె చేలే. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, ఏం చూశాడో తెలియదు.

కాగితం చూపించాను. వీపులోంచి నీరు తీశారు. డాక్టరమ్మ మంచిది. "ఈ పేరు మీకెవరు చెప్పారమ్మా?" అని ఆశ్చర్యపోయి, నన్ను లోపలికి పిలిచి మైక్రోస్కోప్‌లో చూపించింది. నల్ల సిరాలో గుండ్రటి చుక్కలు. ప్రతి చుక్క చుట్టూ వెలుగు, చందమామకి వరదగుడి కట్టినట్టు. ఎంత అందంగా ఉందో! ఆ అందం చూసి నాకు ఒళ్ళు మండింది.

రోజూ సెలైన్‌లో కలిపి మందు ఎక్కిస్తున్నారు. ఎక్కించినప్పుడల్లా చలితో మంచం కదిలిపోతుంది. ఇప్పుడు నన్ను గుర్తుపడుతున్నాడు, గొంతుతో. చూపు చాలా వరకు పోయింది. వస్తుందో లేదో చెప్పలేమంటున్నారు.

నీకు ముందే తెలుసు. నువ్వు ముక్కు కప్పుకోమన్నావు గానీ ఎందుకో చెప్పలేదు. ముప్పై ఏళ్ళు నేను ఊళ్ళో ప్రతి తల్లికీ ప్రతి సూదీ ఎందుకో చెప్పాకే వేయించాను. మా ఇంట్లో పెరిగిన గుంటవి. మాకు అర్థం కాదని ఎలా అనుకున్నావు?

ఊళ్ళో వాళ్ళు నేరేడుని కొట్టేస్తామంటున్నారట. సాలూరు నుంచి కోత మిషను తెప్పిస్తున్నారని కబురు. కొట్టెయ్యనీ. నేనే మొదటి దెబ్బ వేద్దును.

సోములమ్మ


ఢిల్లీ,
డిసెంబర్ 14

అత్తా,

ముందు చెట్టు సంగతి. ఇది బేగి ఊళ్ళో చదివించు, బిందుకి ఫోన్లో కూడా చెప్పాను. కోత మిషను పెట్టొద్దు. ఆ చెక్క పొట్టుగా లేస్తే బూజంతా ఊరి మీద పడుతుంది, కోసేవాళ్ళ ఊపిరిలోకి మొదట వెళుతుంది. చెట్టుకి జబ్బు లేదు. చచ్చిన చెక్కని బూజు తింటోంది, అంతే. అది మన మీద పగతో లేదు, మనం ఉన్నామనే దానికి తెలియదు. అలాంటి తొర్రలు కొండంతా ఉంటాయి, అన్నిటినీ కొట్టలేం. తొర్రలోకి ఎవరూ దూరకుండా, కదపకుండా ఉంటే చాలు.

నువ్వు అడిగినదానికి జవాబు చెబుతాను. మీకు అర్థం కాదని అనుకోలేదు. అర్థమవుతుందని, అర్థమైతే వద్దంటారని భయపడ్డాను. అప్పుడు నాకు ఆ సీసాలు అంత అవసరం.

నా పెట్టె రాకపోతే మావ ఆ గోడలు రుద్దేవాడు కాదు. పళ్ళెం తెరిచినప్పుడల్లా అదే కనిపిస్తోంది. సెలవు అడిగాను. వస్తున్నాను.

స్వర్ణ


ఊటపుట్టు,
2025 ఫిబ్రవరి 2

స్వర్ణకి,

వస్తానన్నావు. వార్డు తలుపు చప్పుడైనప్పుడల్లా చూశాను. తరువాత ఉత్తరం కూడా లేదు. ఒకటిన్నర నెల. నీకు కావాల్సిన సీసాలు నీకు అందాయి, ఇంక మాతో పనేముంది అనుకున్నాను. అది తప్పుడు మాట అయితే తిట్టు.

ఇంటికి వచ్చి పన్నెండు రోజులైంది. ఏడాది పాటు మాత్రలు వాడాలి. తలనొప్పి లేదు. వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషి ముఖం తెలియదు. కళ్ళకి తెర కట్టినట్టుందట, మంచు రోజున లోయలోకి చూసినట్టు.

నేరేడు నిలబడే ఉంది. నీ ఉత్తరం బిందుమాధవి చావిట్లో చదివింది. వాదులాట చాలా జరిగింది. చివరికి సుక్రు తాత లేచి, "సెట్టు కడుపులో ఏటుంటే మనకేటి? మన కడుపులో ఏటుందో అది అడిగిందేటి?" అన్నాడట. మిషను వెనక్కి వెళ్ళిపోయింది. తొర్ర చుట్టూ ముళ్ళకంప కట్టారు. పశువుల్ని అటు తోలడం లేదు. నేను ఒకసారి వెళ్ళి దూరం నుంచి చూశాను. మంచు కంపలోంచి కూడా దూరి, మళ్ళీ మెల్లగా బయటికి వస్తోంది. దెబ్బ వేద్దామనుకున్న చెయ్యి లేవలేదు.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెబుతాను. నేను కోపంలో దాచుకున్నాను.

నీ పెట్టె వల్ల కాదు. డాక్టరమ్మ పదే పదే అడిగితే ఆయనే ఒప్పుకున్నాడు. తలనొప్పి కిందటి జ్యేష్ఠంలోనే, నేరేడు పళ్ళ రోజుల్లోనే మొదలైందట. నీ పెట్టె వచ్చింది వినాయక చవితికి. నాకు చెబితే మందులు, పథ్యం అంటూ గోల చేస్తానని చెప్పలేదు. ఏడాది పైనుంచీ రోజూ ఆ తొర్రలో కూర్చుంటున్నాడట. "అంతసేపు అందులో ఏం చేసేవారండీ?" అని డాక్టరమ్మ అడిగింది. ఆయనేమో, "నిమ్మళంగా ఉంటాదమ్మా. ఇంటికాడ మాటలెక్కువ" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వేసింది. నర్సులు నవ్వారు. నేనూ నవ్వాను, కోడలా, నవ్వి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

నేను అంగన్‌వాడీ మానేసి ఇంటికి వచ్చిన నెలలోనే ఆయన చెట్టులోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. పిల్లలకి చెప్పాల్సిన మాటలన్నీ ఆయనకి చెప్పాను. పొద్దున లేస్తే మొదలు. ఆయన చెవులు దాచుకోవడానికి చోటు లేక ఆ తొర్రలో దాచుకున్నాడు. నీది ఒక్క మాట తక్కువైంది. నావి వెయ్యి మాటలు ఎక్కువయ్యాయి.

అప్పటి నుంచి ఇంట్లో నోరు తెరవడం లేదు. అన్నం పెడతాను, మాత్ర చేతిలో పెడతాను. ఈ ఉత్తరంలోనే ఇన్ని మాటలు.

అత్త


ఢిల్లీ,
ఫిబ్రవరి 20

అత్తా,

నేను వచ్చాను.

డిసెంబర్ 22న. రైలు దిగి నేరుగా ఆస్పత్రికి వచ్చాను. మధ్యాహ్నం రెండు దాటింది. వార్డులో ఎండ నేల మీద పడి ఉంది, అందరూ కునుకు తీస్తున్నారు. నువ్వు మంచం అంచున తల పెట్టి నిద్రపోతున్నావు. నీ జుట్టు అంత తెల్లబడిందని నాకు తెలియదు. మావ మేలుకునే ఉన్నాడు. నా వైపు తిరిగాడు. కళ్ళు నా మీదే ఉన్నాయి, నేను వాటిలో లేను.

"ఎవులు? సిస్టరమ్మా?" అన్నాడు.

నేను "అవును" అన్నాను.

ఎందుకన్నానో ఈ రోజుకీ తెలియదు. "ఆవిణ్ని లేపకమ్మా, మూడ్రోజులకి పడుకున్నాది" అన్నాడు. తరువాత, "ఢిల్లీలో మా కోడలున్నాది. ఉత్తరమేటైనా వొచ్చిందేటి?" అని అడిగాడు. లేదన్నాను. వెనక్కి తిరిగి నడిచాను. స్టేషన్‌లో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని తిరుగు రైలెక్కాను. రైల్లో కల. నేను మావ భుజాల మీద ఉన్నాను. దారి చూపించాల్సింది నేనే, నాకేమో దారి తెలియదు.

ఆ తరువాత ఉత్తరం రాయబోతే "అత్తా" దగ్గరే కలం ఆగిపోయేది.

ఇంకో మాట నీకు తెలియాలి. మావ వెన్నులోంచి తీసిన బూజుని మా ల్యాబ్‌కి పంపారు. నాలుగో నంబరుతో పోల్చి చూశాను. రెండూ ఒకే రకం. కానీ ఆ రకం ఆ కొండ మీద ఇంకా ఎన్ని చెట్లలో ఉందో ఎవరికీ తెలియదు. ఫలానా రోజున ఫలానా తొర్రలోంచి అని ఎవరూ చెప్పలేరు. మా సార్ నన్ను ఓదార్చడానికి అదే అన్నారు. నేను మాత్రం నీ జ్యేష్ఠమాసం మాట పట్టుకుని ఏడ్చాను.

ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానలేదు. ఇకమీదట మా ల్యాబ్ నుంచి ఏ ఊరికి పెట్టె వెళ్ళినా ముందు ఒక కాగితం వెళ్ళాలని పట్టుబట్టాను, ఇది ఏ బూజు, ఏం చేస్తుంది, ఏ నొప్పి వస్తే ఎక్కడికి పరుగెత్తాలి అని. అది చదివి ఒప్పుకుంటేనే సీసాలు. వద్దంటే లేదు. తెలుగు కాగితం నేనే రాశాను. దీనితో పంపుతున్నాను. తప్పులు దిద్దు.

మావకి చెప్పు. లేదా చెప్పకు. నీ ఇష్టం.

స్వర్ణ


ఊటపుట్టు,
మార్చి 18

నా కోడలికి,

కాగితం దిద్దాను. శిలీంధ్రం అని రాశావు, ఆ ముక్క మా సుక్రు తాత నోరు తిరగదు. బూజు అను. "సంక్రమణ" కొట్టేశాను. "ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు" అన్న మాట పైకి తెచ్చాను. ఆయన్ని ముట్టుకోవడానికి ఊళ్ళో సగం మంది జంకారు, అది మొదట చెప్పాలి. బిందుమాధవి సబ్‌సెంటర్ గోడకి అంటించింది. గుమ్మలక్ష్మీపురం వైపు తన స్నేహితురాలికి కూడా ఒకటి పంపిందట.

నీ ఉత్తరం మీ మావకి చదివి వినిపించాను. ఆస్పత్రి ముక్క దగ్గర చదవడం ఆపేశాను. ఆయన గుమ్మంలో ఎండకి కూర్చుని ఉన్నాడు. "సదువు, ఆగిపోనావేటి" అన్నాడు. చదివాను.

అంతా విని, "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మన గుంటేనని. సిస్టర్లు సెప్పులిప్పుకోని రారే. అది గుమ్మంకాడ ఇప్పుకోని వొచ్చినాది. ఒట్టి పాదాల సప్పుడు."

మూడు నెలల నుంచీ తెలిసి ఊరుకున్నాడు! "మరి నాకెందుకు చెప్పలేదు? నేను దాన్ని ఎన్ని మాటలన్నాను!" అని అరిచాను. ఇన్ని రోజుల్లో అదే మొదటి కేక.

"దానంతట అది సెప్పుకోవాల గదా" అన్నాడు.

తరువాత రోజు పొద్దున తోటలోకి తీసుకెళ్ళమన్నాడు. మొన్న వాన పడింది, కాఫీ పూసింది. నీకు తెలుసు కదా, రెండు మూడు రోజులే, కొమ్మల మీద మంచు కురిసినట్టు తెల్లగా, లోయంతా ఆ వాసన. నేను కర్ర ఒక కొస పట్టుకున్నాను, ఆయన రెండో కొస. మంచు ఇంకా విడలేదు. చెట్లు ఒక్కొక్కటే మంచులోంచి వచ్చి పక్కన నిలబడి మళ్ళీ వెళ్ళిపోతున్నాయి. తేనెటీగల రొద ఏ పక్కనుంచో తెలియడం లేదు. ఇద్దరం ఏదో నిద్రలో నడుస్తున్నట్టే ఉంది. నేను నోరు తెరవలేదు. ఆయన నిమ్మళం ఆయనకి ఉండనీ అనుకున్నాను.

సగం దూరం వెళ్ళాక కర్ర ఆగింది. వెనక్కి చూస్తే ఆయన నిలబడిపోయాడు.

"ఏటే" అన్నాడు.

"ఏమైంది? తల నొప్పిగా ఉందా?"

"లేదు. మాటాడవేటి? నువ్వు మాటాడకపోతే నాకు ఏటీ కనబడదు. ఎదర ఏటున్నాదో సెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను, కోడలా. ఎడమ పక్క కొమ్మ వంగి ఉందన్నాను. దాని మీద పూలు ఇంకా విప్పలేదన్నాను. మిరియాల తీగ ఎంత దూరం పాకిందో, బండ మీద ఎండ ఎంత మేర పడిందో, కింద ఎవరి ఇంట్లోంచి పొగ లేస్తోందో చెప్పాను. ఆయన "ఊఁ" అంటూ అడుగేశాడు. ఆపితే ఆగాడు. ఇంటికి వచ్చేసరికి నా గొంతు బొంగురుపోయింది.

నువ్వు ఎప్పుడు వస్తావో రాయి. ఇక ఆపుతాను, గుమ్మంలోంచి పిలుస్తున్నాడు. ఆకాశం ఏ రంగులో ఉందో చెప్పాలట.

అత్త